ప్యాడ్లు కొత్తవి, డిస్కు కొత్తది, చక్రమే కదలదు: వెనక బ్రేకు తగవుపై సమీక్ష

వెనక చక్రాలకు ప్యాడ్లు, డిస్కులు మార్చిన బండి గ్యారేజీ దాటి కొన్ని కిలోమీటర్లు నడిచేసరికి ఒక పక్క నుంచి కాలిన వాసన వస్తుంది. రిమ్ము దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. జాకీ ఎత్తి చూస్తే చక్రం చేత్తో తిరగదు. అక్కణ్నుంచి తగవు మొదలవుతుంది. బండి ఇచ్చేముందు బాగానే ఉందంటాడు యజమాని. కాలిపర్ ఎప్పుడో పోయింది, కొత్త ప్యాడ్లు వేశాక బయటపడిందంటాడు మెకానిక్. కాలిపర్ మొత్తం మార్చేస్తే గొడవే ఉండదంటాడు స్పేర్ పార్టుల షాపతను. ముగ్గురి మాటల్లోనూ ఎంతో కొంత నిజం ఉంది కాబట్టే ఈ తగవు తెగదు.

మెకానిక్కులు, సొంతంగా బండి విప్పుకునే ఔత్సాహికులు, కంపెనీల సర్వీస్ మాన్యువళ్లు ఈ సమస్యకు చెబుతూ వచ్చిన జవాబులన్నీ పక్కపక్కన పెడితే ఒక సంగతి బయటపడుతుంది. వెనక చక్రాన్ని పట్టి ఉంచగల బలాలు మూడే. ఒకటి, వెనక్కి వెళ్లలేక పైపులో ఆగిపోయిన బ్రేక్ ఆయిల్ ఒత్తిడి. రెండు, పూర్తిగా వదలని హ్యాండ్ బ్రేకు. మూడు, జారాల్సిన చోట జారని లోహం. ఒక్కో పక్షం తనకు బాగా పరిచయమైన ఒక్క బలంతో కథంతా వివరించబోతుంది. మూడింటినీ విడదీసే పరీక్షలకు పెద్ద సమయం పట్టదు, ఖర్చు దాదాపు లేదు. అవి చేయకుండానే కొత్త భాగాలు కొనడం దగ్గరే ఈ చర్చ అంతా దారితప్పింది.

డ్రమ్ము నుంచి డిస్కుకు

డిస్కు బ్రేకు ఆలోచన పాతదే. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. 1953లో ల మాన్ పందెంలో డన్‌లప్ డిస్కులు బిగించిన జాగ్వార్ సీ-టైప్ గెలిచాక దాని సత్తా లోకానికి తెలిసింది. 1955లో సిట్రోయెన్ డీఎస్ ముందు చక్రాలకు డిస్కులతో అమ్మకానికి వచ్చింది. ముందు చక్రాల వరకు కథ సాఫీగానే సాగింది. చిక్కంతా వెనక వచ్చింది. ఆయిల్ ఒత్తిడితో సంబంధం లేకుండా, ఆపిన బండిని పట్టి ఉంచే హ్యాండ్ బ్రేకు మామూలుగా వెనక చక్రాల మీదే ఉంటుంది మరి. డ్రమ్ములో ఒక లివర్, ఒక కేబుల్‌తో తీరిన ఆ పని డిస్కులో మూడు దారులు పట్టింది.

కొన్ని కాలిపర్లలో పిస్టన్ లోపలే మర ఉంటుంది. కేబుల్ లివర్‌ను లాగితే ఆ మర తిరిగి పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. కొన్ని బండ్లలో డిస్కు నడుమ ఉండే గిన్నెలాంటి భాగంలో చిన్న డ్రమ్ము, రెండు షూలు విడిగా ఉంటాయి. ఇక ఈ శతాబ్దం మొదట్లో ఖరీదైన యూరప్ కార్లలో కనిపించిన ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఇప్పుడు మన మధ్యస్థాయి ఎస్‌యూవీల దాకా వచ్చింది. దాంట్లో చాలావరకు కాలిపర్‌కే మోటారు బిగించి ఉంటుంది. ఈ మూడింటికీ ప్యాడ్లు మార్చే పద్ధతి వేరు. ఒకదాన్ని బాగుచేసే సలహా ఇంకొకదాన్ని విరగ్గొడుతుంది. అయినా వాదించుకునేవాళ్లు తమ కాలిపర్ ఏ రకమో ముందు చెప్పరు.

తెలుగు రాష్ట్రాల్లో ఇంకో సంగతి కలుస్తుంది. ఇక్కడి చిన్న కార్లలో వెనక డ్రమ్ములదే చాలాకాలం రాజ్యం. చాలామంది మెకానిక్కుల చేతికి డ్రమ్ము పనే అలవాటు. డ్రమ్ములోని వీల్ సిలిండర్‌లో రబ్బరు కప్పు పిస్టన్‌తో కలిసి కదులుతుంది, కాబట్టి అక్కడ సిలిండర్ లోపలి గోడ నున్నగా ఉండాలి. డిస్కు కాలిపర్‌లో ఇది తలకిందులు. చదరపు అంచుల సీలు గోడలో చెక్కిన గాడిలో కదలకుండా కూర్చుంటుంది, దాని మీదుగా పిస్టన్ జారుతుంది. ఇక్కడ నున్నగా ఉండాల్సింది పిస్టన్ ఒళ్లు. డ్రమ్ముకు అలవాటుపడిన చెయ్యి గోడను ఎమరీతో రుద్ది మెరిపించి, పిస్టన్ మీది తుప్పు చుక్కలను అలాగే వదిలేసే ప్రమాదం ఉంది.

ఎంత రాపిడి మామూలు?

తగవులో సగం ఈ ప్రశ్న అడక్కపోవడం వల్లే. డ్రమ్ము షూలను వెనక్కి లాగేందుకు బలమైన స్ప్రింగులుంటాయి. డిస్కులో ఆ పని ప్రధానంగా పైన చెప్పిన సీలుదే. పెడల్ తొక్కినప్పుడు సీలు కాస్త వంగుతుంది, వదిలాక తన ఆకారానికి తిరిగొస్తూ పిస్టన్‌ను మిల్లీమీటరులో ఏ కొద్ది వంతో వెనక్కి తీస్తుంది. అంత చిన్న సందులో ప్యాడు డిస్కుకు రాసుకుంటూ తిరగడం సహజం. చక్రం తిప్పితే సన్నని 'సర్' చప్పుడు వచ్చి, చేత్తో తేలిగ్గా తిరుగుతుంటే దాన్ని పట్టేయడం అనరాదు. ప్రతి చుట్టుకూ ఒకే చోట గట్టిగా తగులుతుంటే డిస్కు వంకరగా కూర్చుందని అనుమానించాలి. హబ్ మీది తుప్పు పొరను వైరు బ్రష్షుతో గీకకుండా కొత్త డిస్కు ఎక్కిస్తే ఇలాగే అవుతుంది.

సందేహం తీర్చేది వేడి. బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ కొంతదూరం నడిపి, ఆగాక రెండు వెనక డిస్కుల ఉష్ణోగ్రతను ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో పోల్చాలి. ఇన్ని డిగ్రీలు దాటితే తప్పు అన్న ఒక్క అంకె అన్ని బండ్లకూ కుదరదు. ఒక పక్క రెండో పక్క కన్నా కొట్టొచ్చినట్టు వేడిగా ఉందా అన్నదే చూడాలి. చేత్తో తాకి చూసే అలవాటు మానుకోవడం మంచిది, పట్టేసిన డిస్కు వేలి చర్మాన్ని ఊడదీయగలదు.

విశాఖ, కాకినాడ లాంటి తీరాల్లో రాత్రంతా వానలో నిలిచిన బండి పొద్దున్న 'టక్' మని శబ్దం చేసి కదలడం వేరే సంగతి. పూత లేని డిస్కు ముఖం మీద రాత్రికి రాత్రే తుప్పు పట్టి ప్యాడు అంటుకుంటుంది, రెండు మూడు బ్రేకులతో శుభ్రమవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మునిగిన బండ్లలాంటివి కూడా ఈ చర్చకు బయటివే. రోజుల తరబడి బురద నీళ్లలో ఉన్న బ్రేకును మొత్తం విప్పి చూడాల్సిందే తప్ప ప్యాడ్ల పనిని నిందించి లాభం లేదు.

మొదటి పక్షం: చివర చెయ్యి పడినదే దోషి

వీళ్ల తర్కం సూటిగా ఉంటుంది. నిన్నటిదాకా తిరిగిన చక్రం ఇవాళ తిరగకపోతే నిన్న ఏం మార్చామో చూడాలి. వాళ్ల జాబితా పెద్దదే, అందులో చాలావాటికి యంత్రశాస్త్రపు అండ ఉంది.

మొదటి అనుమానం పిస్టన్‌ను వెనక్కి నెట్టిన తీరు మీద. ముందు చక్రాల కాలిపర్‌లో సీ-క్లాంపు పెట్టి నొక్కితే పిస్టన్ లోపలికి పోతుంది. లోపల మర ఉన్న వెనక కాలిపర్‌లో అలా నొక్కడం కుదరదు, నొక్కుతూ తిప్పాలి. ఎక్కువ బండ్లలో కుడివైపుకు తిప్పాలి, కొన్నిట్లో ఒక చక్రానికి ఎడమవైపుకు. ఇది తెలియక బలంగా బిగిస్తే లోపలి సర్దుబాటు యంత్రాంగం దెబ్బతింటుంది. పిస్టన్ లోపలికి పోయినా, దాని ముఖం మీది గాళ్లలో లోపలి ప్యాడు వెనక ఉండే చిన్న బుడిపె సరిగ్గా కూర్చోకపోతే ప్యాడు ఓరగా నిలిచి డిస్కును ఒక అంచున రుద్దుతూనే ఉంటుంది. పైకి ఏమీ కనిపించని ఈ తప్పే నా లెక్కలో ముందు వెతకాల్సింది.

రెండోది హ్యాండ్ బ్రేకు కేబుల్. పాత ప్యాడ్లు అరిగినకొద్దీ లివర్ ఎత్తు పెరిగిందని కేబుల్‌ను ఎప్పుడో బిగించి ఉంటారు. ఇప్పుడు దళసరి కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కు వచ్చాయి. ఆ బిగింపు అలాగే ఉంటే కాలిపర్ మీది లివర్ తన ఆపుకు చేరదు, బ్రేకు ఎప్పుడూ సగం వేసినట్టే ఉంటుంది. మాన్యువళ్లు చెప్పే వరుస ఏమిటంటే, ముందు కేబుల్ వదులు చేయాలి, తర్వాత పెడల్‌ను చాలాసార్లు తొక్కి ప్యాడ్లను డిస్కు దగ్గరికి తేవాలి, చివర్లో కేబుల్ సర్దాలి. ఈ వరుస తలకిందులైతే మొత్తం పని తలకిందులే. గిన్నెలో షూలుండే రకంలో ఇదే తప్పు వేరే రూపంలో వస్తుంది. పాత డిస్కు లోపలి అంచు అరిగిన కొలతకు సర్దిన షూలు కొత్త డిస్కులో మరీ బిగుతవుతాయి. డిస్కును సుత్తితో కొట్టి ఎక్కించాల్సి వచ్చిందంటే ఆగి, షూలను సర్దే చక్రాన్ని వెనక్కి తిప్పాలి.

ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకులో మోటారును ముందు సర్వీస్ మోడ్‌లోకి తీసుకెళ్లాలి. దానికి స్కానరు కావాలి, కొన్ని మోడళ్లలో స్విచ్చు, పెడల్ కలిపి నొక్కే పద్ధతి ఉంటుంది. మోటారు తన మరను వెనక్కి లాక్కోకుండానే పిస్టన్‌ను నెడితే లోపలి మర గానీ గేర్లు గానీ పోతాయి. పని అయ్యాక ఆ మోడ్ నుంచి బయటికి తెచ్చి కాలిబ్రేట్ చేయకపోయినా చిక్కే.

మిగిలినవి చిన్నవిగా కనిపిస్తాయి గానీ బ్రేకును పట్టేయడానికి చాలు. ప్యాడు చెవుల మీద దళసరిగా పడిన రంగు వల్ల అది బ్రాకెట్ గాడిలో ఇరుక్కోవచ్చు. పాత క్లిప్పులే మళ్లీ వాడి ఉండొచ్చు. రెండు గైడ్ పిన్నుల్లో ఒకదానికే రబ్బరు బుష్ ఉండే కాలిపర్లలో పైదాన్ని కిందకు, కిందదాన్ని పైకి మార్చి ఉండొచ్చు.

ఈ పక్షానికున్న బలహీనత కాలం. మొదటి రోజే పట్టేస్తే వీళ్ల వాదన దాదాపు గెలిచినట్టే. నెల తర్వాత పట్టేస్తే బలం తగ్గుతుంది.

రెండో పక్షం: జబ్బు పాతది, కొత్త ప్యాడు బయటపెట్టింది

మెకానిక్ మాటకు ఆధారం ఇది. ప్యాడ్లు అరిగినకొద్దీ పిస్టన్ బయటికి జరుగుతుంది. పూర్తిగా అరిగిన ప్యాడ్లు, పల్చబడ్డ డిస్కు ఉన్న బండిలో అది ఎంతో దూరం ముందుకొచ్చి ఉంటుంది. డస్ట్ బూటు చిరిగి ఉంటే ఆ బయటి భాగం మీద తుప్పు, మట్టి పేరుకుంటాయి. అరుగుదలతో పాటు పిస్టన్ ముందుకే పోతున్నంత కాలం ఆ తుప్పు సీలును తాకదు. కొత్త ప్యాడ్లకు చోటివ్వడానికి పిస్టన్‌ను లోపలికి నెట్టగానే ఆ గరుకు పట్టీ సీలు కిందికి చేరుతుంది. సీలు వెనక్కి లాగే బలం చాలా తక్కువని పైన చూశాం. గరుకు ఒంటిని అది కదిలించలేదు.

ఈ వాదన యంత్రశాస్త్రపరంగా గట్టిది, పని సరిగ్గా చేసినా బ్రేకు పట్టేయగలదని చూపిస్తుంది. కానీ మెకానిక్‌కు పూర్తి విముక్తి ఇవ్వదు. విప్పినప్పుడే బూటు చిరిగిందని, పిస్టన్ కష్టంగా పోతోందని చేతికి తెలుస్తుంది. ఆ క్షణంలో యజమానికి చెప్పాడా లేదా అన్నది మిగిలే ప్రశ్న.

వెనక చక్రాలకే ఇది ఎక్కువగా ఎందుకంటే, బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది, వెనక బ్రేకుల పని తక్కువ. కదలిక, వేడి తక్కువైన చోట పిన్నుల గ్రీజు గట్టిపడుతుంది, తుప్పు నిలుస్తుంది.

మూడో పక్షం: హోస్ పైపు

కాలిపర్‌కు వచ్చే రబ్బరు హోస్ లోపలి పొర ఊడి, సైకిల్ ట్యూబు వాల్వులాగా ఆయిల్‌ను లోపలికి పోనిచ్చి వెనక్కి రానివ్వదన్నది ఈ పక్షం మాట. పెడల్ తొక్కే ఒత్తిడి పెద్దది, తిరుగు ఒత్తిడి చిన్నది, కాబట్టి సాధ్యమే. కాలిపర్‌ను తీసినప్పుడు తాడుతో కట్టకుండా హోస్‌కే వేలాడదీసే చెడ్డ అలవాటు దీనికి తోడవుతుంది.

అయితే ఏ బ్రేకు పట్టేసినా హోస్ మార్చమనడం అతి. దీన్ని నిరూపించే పరీక్ష తేలికైనప్పుడు ఊహతో కొనడమెందుకు? ఒక్క ఆనవాలు మాత్రం గుర్తుంచుకోవాలి. వెనక గట్టి ఇరుసు ఉన్న కొన్ని బండ్లలో బాడీ నుంచి ఇరుసు దాకా ఒకే హోస్ వచ్చి అక్కడ రెండుగా చీలుతుంది. అలాంటి దాంట్లో రెండు వెనక చక్రాలూ ఒకేసారి వేడెక్కితే ఈ పక్షానికి బలం వస్తుంది.

మూడు బలాలను విడదీసే వరుస

ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనక ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు దించి, చక్రం పట్టి ఉన్నప్పుడే పరీక్షించాలి. చల్లబడి తానే వదిలేశాక చూస్తే ఏమీ తెలియదు. ఆ చల్లబడి వదలడం కూడా ఒక సాక్ష్యమే. నడిచేకొద్దీ బిగిసి, చల్లారాక వదులయ్యే బ్రేకులో వేడికి వ్యాకోచించిన ఆయిల్‌కు వెనక్కి దారి లేదని అనుమానించాలి. చల్లగా ఉన్నా అంతే గట్టిగా ఉంటే అనుమానం కేబుల్, పిస్టన్, పిన్నుల మీదికి పోతుంది.

మొదట కాలిపర్ మీది హ్యాండ్ బ్రేకు లివర్ తన ఆపును తాకుతోందా చూసి, కేబుల్ కొసను ఊడదీయాలి. చక్రం వదిలితే దోషం కేబుల్‌లో ఉంది. వదలకపోతే బ్లీడర్ నిప్పల్‌ను కొద్దిగా తెరవాలి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే ఒత్తిడి చిక్కుకుంది. అప్పుడు నిప్పల్ మూసి, మళ్లీ పట్టేలా చేసి, హోస్‌కు పైన ఇనుప పైపు కలిసే జాయింటును వదులు చేయాలి. అక్కడ వదలక, నిప్పల్ దగ్గర మాత్రమే వదిలితే హోస్ దోషి. పై జాయింటు దగ్గరే వదిలితే కారణం ఇంకా పైన, ఏబీఎస్ యూనిట్లోనో మాస్టర్ సిలిండర్‌లోనో ఉంది. మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ తిరిగి డబ్బాలోకి పోయే చిన్న రంధ్రం మూసుకుపోయినా, బూస్టర్ కడ్డీకి ఆట లేకపోయినా ఒత్తిడి నిలిచిపోతుంది. ఐమూలగా పైపులు పంచిన కార్లలో ఒక వెనక చక్రంతో పాటు ఎదుటి పక్క ముందు చక్రం కూడా వేడెక్కితే వెతకాల్సింది అటే.

కేబుల్ తీసినా, నిప్పల్ తెరిచినా చక్రం వదలకపోతే మిగిలింది లోహం. కాలిపర్ విప్పి పిన్నులు వేళ్లతో జారుతున్నాయా, ప్యాడ్లు గాళ్లలో చేత్తో కదులుతున్నాయా, పిస్టన్ సాధనంతో మామూలు బలానికి పోతోందా చూడాలి. మర ఉన్న కాలిపర్‌లో లోపలి యంత్రాంగం దెబ్బతింటే కేబుల్ తీసినా, నిప్పల్ తెరిచినా లాభం ఉండదని మరవకూడదు. పరీక్షల కోసం నిప్పల్, జాయింటు తెరిచారు కాబట్టి చివర్లో గాలి తీసి, పెడల్ గట్టిపడ్డాకే బండి కదపాలి.

గ్రీజు గొడవ

బ్రేకు సీళ్లు, బూట్లు మామూలుగా ఈపీడీఎం రబ్బరుతో చేస్తారు. పెట్రోలియం గ్రీజు, ఇంజిన్ ఆయిల్ తగిలితే అది ఉబ్బుతుంది. షాపులో ఏ గ్రీజైతే ఏం అని పూసిన పిన్ను కొన్నాళ్లకు కదలకపోవడానికి కారణం ఇదే. బ్రేకు కోసం తయారైన సిలికాన్ గ్రీజు పల్చగా వాడాలన్నదాంట్లో భేదాభిప్రాయం లేదు. పిన్నులన్నిటికీ గ్రీజు పూయాలా అన్నది వేరే. కొన్ని యూరప్ కాలిపర్లలో రబ్బరు బుష్‌లో జారే పిన్నును పొడిగా, శుభ్రంగా మాత్రమే బిగించమని తయారీదారు చెబుతాడు. అక్కడ అనుభవం కన్నా మాన్యువల్ మాటకే విలువివ్వాలి. ఇంతకన్నా పెద్ద ప్రమాదం డబ్బాలో తప్పు ఆయిల్ పోయడం. మినరల్ ఆయిల్ కలిస్తే ఒక్క చక్రం కాదు, మొత్తం వ్యవస్థలోని రబ్బరంతా పోతుంది.

అమెరికాలో మిషిగన్, న్యూజెర్సీ లాంటి చోట్ల సొంతంగా ప్యాడ్లు మార్చుకునే తెలుగువాళ్లకు వేరే శత్రువు ఉంది. శీతాకాలంలో రోడ్లపై చల్లే ఉప్పు వల్ల బ్రాకెట్ మీది క్లిప్పుల అడుగున తుప్పు పొంగి, క్లిప్పును పైకి లేపి, ప్యాడు జారే గాడిని ఇరుకు చేస్తుంది. క్లిప్పు తీసి అడుగును గీకకుండా కొత్త ప్యాడు వేస్తే అది ఇరుక్కోవడం ఖాయం. తెలంగాణ మెట్ట ప్రాంతపు దుమ్ములో నడిచే బండిలో ఈ తుప్పు అరుదు, ముదిరిన గ్రీజే ఎక్కువ. ఉప్పు దేశాల సలహాను ఇక్కడ యథాతథంగా పాటిస్తే లేని తుప్పు కోసం వెతుకుతూ ఉన్న జిగటను వదిలేస్తాం.

కిట్టా, కొత్త కాలిపరా

మన దగ్గర కూలి తక్కువ, కాలిపర్ ఖరీదు ఎక్కువ, కాబట్టి సీలు కిట్టు వైపు మొగ్గు. అమెరికాలో పరిస్థితి తిరగబడుతుంది, కాలిపర్ మార్చేయడమే లాభం. ఇందులో సిద్ధాంతం కన్నా లెక్క ఎక్కువ. పిస్టన్ నున్నగా ఉండి బూటు మాత్రమే చిరిగితే కిట్టు చాలు. పిస్టన్‌కు గుంటలు పడితే కొత్త పిస్టన్ లేని కిట్టు దండగ. మర ఉన్న కాలిపర్‌ను విప్పాలంటే లోపలి స్ప్రింగును అదిమిపట్టే సాధనం కావాలి. అది లేని చోట కాలిపర్ మార్చడమే మేలు. పిస్టన్‌ను గాలి ఒత్తిడితో బయటికి తీసేటప్పుడు దాని ముందు వేళ్లు పెట్టకూడదు, తుపాకీ గుండులా వస్తుంది. ప్యాడ్లు, డిస్కులు జతగా మార్చాలన్నదాంట్లో అందరిదీ ఒకే మాట. కాలిపర్‌నూ జతగానే మార్చాలనే వాళ్లున్నారు గానీ, రెండో పక్క పిస్టన్, పిన్నులు బాగా జారుతుంటే దాన్ని తీసిపారేయాల్సిన అవసరం నాకు కనిపించదు.

ఇంకా తేలనివి

పిస్టన్‌ను వెనక్కి నెట్టేటప్పుడు నిప్పల్ తెరవాలా వద్దా అన్న చర్చ ఎప్పటికప్పుడు మొదలవుతూనే ఉంది. తెరవకపోతే కాలిపర్ అడుగున చేరిన మురికి ఆయిల్ ఏబీఎస్ యూనిట్లోకి ఎదురు పోతుందంటారు ఒకరు. తెరిస్తే గాలి చొరబడుతుందంటారు మరొకరు. ఎలాగూ ఆయిల్ మార్చే పని ఉంటే తెరవడమే సుఖం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం డాట్ 4 కనీస మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలు, తేమ చేరాక 155 డిగ్రీలు. ఒకసారి పట్టేసి కాలిన చక్రంలోని ఆయిల్‌ను అలాగే ఉంచడం తెలివి కాదు.

పాత ప్యాడ్ల అరుగుదలను చదవడంలోనూ ఏకాభిప్రాయం లేదు. లోపలి ప్యాడే ఎక్కువ అరిగితే పిస్టన్ వెనక్కి రావడం లేదంటారు కొందరు, పిన్నులు బిగిసి కాలిపర్ జరగడం లేదంటారు ఇంకొందరు. రెండు దోషాలూ అదే ఆనవాలు వదలగలవు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మలేం. బయటి ప్యాడు ఎక్కువ అరిగినా, ఏటవాలుగా అరిగినా పిన్నులు, గాళ్ల మీదే అనుమానం నిలుస్తుంది. ఆ సాక్ష్యం ఉండాలంటే పాత ప్యాడ్లను చెత్తలో వేయకుండా, ఏది ఎటుదో గుర్తుపెట్టి ఉంచాలి.

అతిగా కాలిన కొత్త ప్యాడ్లు మళ్లీ పనికొస్తాయా అన్నదీ అంతే. పైపొర గాజులా మెరిస్తే గరుకు కాగితంతో రుద్ది వాడుకోవచ్చనే వాళ్లున్నారు. ముఖం పగిలినా, అంచులు విరిగినా, డిస్కు మీద నీలి మచ్చలు లేచినా మార్చేయడమే భద్రం. ఆ పక్క వీల్ బేరింగు గ్రీజు సంగతి కూడా చూడాలి.

ఎలక్ట్రిక్ కార్లతో ప్రశ్నే మారుతోంది. మోటారే వేగాన్ని తగ్గిస్తుంటే వెనక డిస్కుకు పని ఇంకా తగ్గుతుంది, తుప్పుకూ బిగుసుకుపోవడానికీ అవకాశం పెరుగుతుంది. ఫోక్స్‌వాగన్ తన ఐడీ.3లో వెనక చక్రాలకు డ్రమ్ములే పెట్టింది. మూత లోపల ఉండే షూలకు తడి, మురికి తక్కువ తగులుతాయి. మిగతా కంపెనీలు ఆ దారి పడతాయా, లేక అప్పుడప్పుడూ డిస్కును కావాలనే రుద్ది శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకుంటాయా అన్నది చూడాల్సి ఉంది.